డీజిలు అన్నది ఒక మనిషి పేరు

కాలువ శివారు ఊళ్ళలో నీరు అందని రోజులు వస్తే ఆయిలింజనే దిక్కు. పోయిన రబీలో మేము తిరిగే ఊళ్ళలో ఒకచోట పదకొండు కూలి కుటుంబాలు కలిసి ఆరెకరాలు కౌలుకు పట్టి మొక్కజొన్న వేశాయి. మురుగు కాలువలోంచి నీరు తోడటానికి ఒక పాత ఇంజను కొన్నాయి. డీజిలు ఖర్చు కూలి డబ్బుల్ని మింగేస్తూ ఉంటే, లారీ క్లీనరుగా నాలుగేళ్ళు తిరిగొచ్చిన కుర్రవాడొకడు ఉపాయం చెప్పాడు. బజ్జీల బండివాళ్ళు పారబోసే కాగిన నూనె తెచ్చి, గుడ్డలో వడగట్టి, డీజిల్లో సగానికి సగం కలిపాడు. రెండు రోజులు ఇంజను బాగానే ఆడింది. వాసన కూడా బజ్జీల వాసనే వచ్చిందని ఆడవాళ్ళు నవ్వుకున్నారు. మూడోనాడు నల్లపొగ. నాలుగోనాడు పొద్దున్నే ఎంత హ్యాండిలు తిప్పినా కదల్లేదు. మెకానిక్కు వచ్చి నాజిలు ఊడదీస్తే కొన మీద బొగ్గు పేరుకుని ఉంది. పంపు కూడా పట్టేసింది. బాగుచేయించేలోగా వారం గడిచింది. కంకి పాలు పోసుకునే వేళ నీరు లేక చేను వాడింది.

కుర్రవాణ్ణి అందరూ తిట్టారు. వాడు మాత్రం ఒకే మాట పట్టుకున్నాడు: ఈ ఇంజను కనిపెట్టినవాడే వేరుశనగ నూనెతో నడిపాడు గదా, మనం నడిపితే తప్పేమిటి అని. ఎక్కడో ఫోనులో చూశాడట. మమ్మల్ని తీర్పు చెప్పమన్నారు. తీర్పు చెప్పేముందు ఆ మనిషి ఎవరో, ఏం చేశాడో తెలుసుకుందామని మేము కొంత చదివాం. చదివినకొద్దీ ఇది పత్రికలో పెట్టవలసిన సంగతే అనిపించింది. రోజూ మనం బంకులో లీటర్ల లెక్కన కొనే ఆ పేరు ఒక మనిషి పేరన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు, బవేరియా నుంచి బతుకుతెరువుకి వలసపోయినవాళ్ళు. తండ్రి థియోడోర్ పుస్తకాలు బైండు చేసే పని నేర్చినవాడు, తర్వాత తోలు సామాన్లు కుట్టే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. కుట్టిన సరుకు తోపుడు బండిలో వేసి పారిస్ వీధుల్లో ఇంటింటికీ చేర్చే పని పిల్లవాడిది. ఆ తిరుగుడులోనే ఊళ్ళో ఉన్న యంత్రాల మ్యూజియం అతనికి అలవాటయింది. 1770 నాటి కూన్యో ఆవిరి బండి అక్కడే ఉంది. సెలవురోజుల్లో పిల్లవాడు వాటి ముందు నిలబడి బొమ్మలు గీసుకునేవాడు.

1870లో ఫ్రాన్సుకీ ప్రష్యాకీ యుద్ధం వచ్చింది. రాజుల తగాదాకి వలస కుటుంబాలు బలికావడం ఎక్కడైనా ఉన్నదే. జర్మన్లంతా పారిస్ విడిచిపొమ్మన్నారు. డీజిల్ కుటుంబం దుకాణం వదిలేసి లండను చేరింది. తిండికే కటకటగా ఉండి, పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ని ఒంటరిగా ఆగ్స్‌బర్గ్ ఊరికి పంపేశారు. అక్కడ బంధువు బార్నికెల్ లెక్కల మేష్టారు. ఆయన ఇంట ఉండి చదువుకున్నాడు. ఎప్పుడూ తరగతిలో మొదటివాడే. స్కాలర్‌షిప్పు దొరికి మ్యూనిక్ సాంకేతిక కళాశాలకు వెళ్ళాడు.

అక్కడ పాఠం చెప్పేవాడు కార్ల్ ఫన్ లిండే, మంచుగడ్డలు చేసే యంత్రాల్లో పేరుమోసిన ఇంజనీరు. 1878లో ఒకరోజు ఆయన క్లాసులో ఒక లెక్క చెప్పాడు: ఆవిరి ఇంజనులో మండించిన బొగ్గు వేడిలో నూటికి ఆరు నుంచి పది పాళ్ళు మాత్రమే పనిగా మారుతుంది, తక్కినదంతా వృథా. ఆ మాట ఇరవై ఏళ్ళ విద్యార్థికి ముల్లులా గుచ్చుకుంది. నోటుబుక్కు అంచున తనకు తానే ఒక ప్రశ్న రాసిపెట్టుకున్నాడు. తర్వాత పదిహేనేళ్ళు ఆ ప్రశ్నే అతని బతుకు.

దీన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. ఆనాడు ఆవిరి ఇంజను అంటే పెద్ద బాయిలరు, పొగగొట్టం, బొగ్గు గుట్ట, దాన్ని చూసుకోవడానికి మనుషులు. పెద్ద మిల్లుకే అది తగును. మగ్గం నేసేవాడూ కమ్మరీ వడ్రంగీ దాన్ని కొనలేరు. కొనలేక మిల్లు దెబ్బకి పని పోగొట్టుకుని అదే మిల్లులో కూలికి చేరారు. చిన్న పనివాడు తన ఇంట్లోనే పెట్టుకోగలిగేదీ, ఏ చమురు దొరికితే దానితో నడిచేదీ ఒక యంత్రం ఉంటే ఈ పతనం ఆగుతుందని డీజిల్ నమ్మాడు. తన ఆలోచనను పుస్తకంగా వేసినప్పుడు ఈ ఆశ కూడా అందులో రాశాడు. తోపుడు బండి తోసిన పిల్లవాడు గదా.

కళాశాల నుంచి 1880లో బయటపడి, లిండే కంపెనీలో చేరి పారిస్‌లో మంచు ఫ్యాక్టరీ నడిపాడు. 1883లో మార్తా ఫ్లాషేని పెళ్ళాడాడు, ముగ్గురు పిల్లలు. పగలు ఉద్యోగం, రాత్రి ఇంజను లెక్కలు. మొదట అమ్మోనియా ఆవిరితో నడిచే యంత్రం చేయబోయి ఏళ్ళు పోగొట్టుకున్నాడు. అప్పుడు తోచింది అసలు సంగతి.

సైకిలు పంపు కొట్టిన ప్రతివాడికీ తెలుసు, గొట్టం కింది భాగం వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. ఆగ్నేయాసియా జనం వెదురు గొట్టంలో కర్ర దబ్బున దిగ్గొట్టి, లోపలి దూదిపీచుని రాజేసి నిప్పు చేసుకునేవారు. అలాంటి గొట్టాన్ని లిండే క్లాసులో చూపించాడనీ, డీజిల్ ఆలోచనకు అదే బీజమనీ చెబుతారు. ఏమయినా అతను పట్టిన సూత్రం అదే. సిలిండరులో ఉత్త గాలిని మాత్రమే పీల్చు. దాన్ని బాగా నొక్కు. ఆ వేడికి కాలిపోతున్న గాలిలోకి అప్పుడు చమురు చిమ్ము. నిప్పురవ్వ అక్కర్లేదు, దానంతటదే అంటుకుంటుంది. 1892 ఫిబ్రవరిలో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు, మరుసటేడు చేతికొచ్చింది.

కాగితం మీది ఇంజను వేరు, ఇనుముతో చేసిన ఇంజను వేరు. ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ, క్రుప్ కంపెనీ డబ్బు పెట్టాయి. 1893 ఆగస్టు 10న మొదటి పరీక్షలో చమురు పడగానే పేలుడు జరిగి ఒత్తిడి కొలిచే పరికరం తునాతునకలైంది. డీజిలూ పక్కనున్న పనివాళ్ళూ కొద్దిలో బతికారు. కానీ అంటుకుంది, అదే అతనికి చాలు. మళ్ళీ విప్పారు, మళ్ళీ బిగించారు. 1894 ఫిబ్రవరి 17న ఇంజను ఒక్క నిమిషం సేపు తన బలంతో తాను తిరిగింది. అప్పటిదాకా బయటినుంచి బెల్టు పెట్టి దాన్ని తిప్పుతున్నారు. బెల్టు లాగుడు తిరగబడిందని మొదట కనిపెట్టినవాడు డీజిల్ కాదు, యంత్రం దగ్గర నిలబడ్డ మెకానిక్ లిండర్. అతను ఏమీ అనకుండా తలమీది టోపీ తీశాడట. ఇంజనీర్ల చరిత్రల్లో ఇలాంటివాళ్ళ పేర్లు సాధారణంగా కనపడవు, అందుకని మేము రాస్తున్నాం.

ఇంకా మూడేళ్ళు పట్టింది. 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ ష్రోటర్ వచ్చి అధికారికంగా పరీక్ష చేస్తే, మండిన చమురు వేడిలో నూటికి 26 పాళ్ళు పనిగా తేలింది. అప్పటి మామూలు ఆవిరి ఇంజనుకి ఇది రెండింతలకు పైమాటే. ఆ పరీక్షలో వాడింది దీపాల్లో పోసుకునే కిరసనాయిలు. డీజిలు అనే చమురు అప్పటికి లేనే లేదు. ఇంజను పేరే తర్వాత చమురుకి వచ్చింది.

ఇక కుర్రవాడు చెప్పిన వేరుశనగ నూనె సంగతి. 1900లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. డీజిల్ ఇంజనుకి అక్కడ పెద్ద బహుమతి వచ్చింది. అదే ప్రదర్శనలో ఆటో అనే కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజనుని వేరుశనగ నూనెతో నడిపి చూపింది. యంత్రంలో మార్పు ఏమీ చేయలేదు. అది ఎంత నెమ్మదిగా ఆడిందంటే నూనెతో నడుస్తున్నట్టు చూసినవాళ్ళలో కొద్దిమందికే తెలిసింది. కాబట్టి నడిపింది డీజిల్ కాదు. ఆ తర్వాత తాను కూడా పరీక్షలు చేసి అది నిజమేనని రూఢి చేసుకున్నాడు. 1912లో ఇంజనీర్ల ముందు మాట్లాడుతూ ఈ కథంతా ఆయనే చెప్పాడు. గింజల నూనెలు ఆనాటికి అల్పంగా కనిపించినా, ఒకనాటికి భూమిలోంచి తీసే చమురంత ముఖ్యం కావచ్చునని కూడా అన్నాడు. ఆముదంతోనూ జంతువుల కొవ్వుతోనూ జరిగిన పరీక్షల్ని కూడా పేర్కొన్నాడు.

ఇక్కడ ఒక సంగతి మరుగున పడుతూ ఉంటుంది. వేరుశనగ నూనెతో నడిపి చూపమని అడిగింది ఎవరు? ఫ్రెంచి ప్రభుత్వం. ఎందుకు? ఆఫ్రికాలో దాని వలసల్లో వేరుశనగ విస్తారంగా పండేది. ఆ రైతుల పంటతోనే అక్కడి యంత్రాలు నడిపితే బొగ్గు, కిరసనాయిలు ఓడల్లో పంపే ఖర్చు తప్పుతుంది. అంటే మొక్కల నూనె ఇంజను పుట్టుకలో పల్లె మీద ప్రేమ ఒక్కటే లేదు, వలస ప్రభువు లెక్క కూడా ఉంది. డీజిల్ మాత్రం వేడి దేశాల జనం తమ నేలమీద పండిందానితోనే తమ యంత్రాలు నడుపుకోవచ్చునన్న వైపునుంచి చూశాడు. ఇద్దరూ ఒకే ఇంజనుని చూశారు.

డబ్బు వచ్చింది. 1897లోనే అమెరికా హక్కుల్ని సెయింట్ లూయీ బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకు కొన్నాడు. 1898లో తక్కిన హక్కుల్ని ఒక కంపెనీకి 35 లక్షల మార్కులకు అమ్మేశాడు, అందులో చాలా భాగం షేర్ల రూపంలో. మ్యూనిక్‌లో రాజభవనం లాంటి ఇల్లు కట్టాడు. కానీ తొలి ఇంజన్లు కొన్నవాళ్ళ దగ్గర మొరాయించాయి. తిరగ్గొట్టారు, దావాలు వేశారు. అంతకుముందే కొంతవరకు ఇలాంటి ఇంజను చేసిన ఇంగ్లీషువాడు ఆక్రాయిడ్ స్టూవర్ట్ పేరుతో తగాదా కూడా లేచింది. డీజిల్ ఆరోగ్యం చెడి కొన్నాళ్ళు వైద్యాలయంలో ఉన్నాడు. చేతిలోని డబ్బుని భూముల మీదా చమురు బావుల మీదా పెట్టి పోగొట్టుకున్నాడు.

అతను ఆశపడ్డ చిన్న పనివాడి సంగతో? మొదటి ఇంజను మూడు మీటర్ల ఎత్తు. చమురుని చిమ్మడానికి గాలి నొక్కే కంప్రెషరు దానికి జతగా ఉండాలి. దాన్ని కమ్మరి కొలిమి పక్కన పెట్టడం కాదు, కొలిమినే దానిలో పెట్టొచ్చు. కొన్నది పెద్ద మిల్లులు, కరెంటు కంపెనీలు, తర్వాత నౌకాదళాలు. 1912లో డెన్మార్కులో కట్టిన సెలాండియా ఓడ డీజిలింజన్ల మీద మహాసముద్రం దాటింది. జలాంతర్గాములకి కూడా ఇదే ఇంజను పెట్టసాగారు.

ఈ వైఫల్యం అతనికి తెలియకపోలేదు. 1903లో సాలిడారిస్మస్ అని ఒక పుస్తకం రాశాడు. పనివాళ్ళంతా రోజుకింత చిల్లర ఒక ఉమ్మడి నిధిలో వేస్తారు, ఆ నిధి పూచీ మీద పనివాళ్ళే యజమానులుగా ఫ్యాక్టరీలు లేస్తాయి, తేనెపట్టులో ఈగల్లా అందరూ కలిసి పని చేసి కలిసి అనుభవిస్తారు. ఇదీ ఆయన పథకం. ఇంజను కన్నా ఇదే తన పెద్ద ఆవిష్కారమని ఇంట్లో చెప్పుకునేవాడు. పదివేల ప్రతులు వేస్తే అమ్ముడుపోయింది కొన్ని వందలే. పనివాళ్ళ సంఘాలతో ఆయనకు సంబంధం లేదు. ఉన్న యజమానులు ఊరుకుంటారా అన్న ప్రశ్న ఆ పుస్తకానికి తగల్లేదు. ఏ కూలితోనూ కూర్చుని లెక్క వేయకుండా కూలివాడి కోసం వేసిన పథకం అది. అయినా కోట్లకి ఎదిగిన ఇంజనీర్లలో ఇలాంటి పుస్తకం రాసి నవ్వులపాలవడానికి సిద్ధపడినవాళ్ళు ఎందరు? మేము దాన్ని ఎగతాళి చేయదలచలేదు.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం ఆంట్వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు, ఇంగ్లండు వెళ్ళడానికి. తోటివాళ్ళతో భోంచేశాడు. రాత్రి పది గంటల వేళ తన గదికి వెళ్తూ, పొద్దున 6:15కి లేపమని చెప్పాడు. పొద్దున గది ఖాళీ. పక్క నలగలేదు. రాత్రి తొడుక్కునే చొక్కా పరిచినట్టే ఉంది, గడియారం కనపడేలా పెట్టి ఉంది. డెక్కు వెనక కటకటాల దగ్గర ఆయన టోపీ, మడత పెట్టిన కోటు దొరికాయి. పది రోజుల తర్వాత ఒక డచ్చి పడవవాళ్ళకి సముద్రంలో శవం కనిపించింది. జేబుల్లోని వస్తువులు తీసుకుని, చెడిపోయిన శవాన్ని నీళ్ళకే వదిలేశారు. మాత్రల డబ్బా, కళ్ళజోడు పెట్టె, చాకు చూసి కొడుకు ఆయిగెన్ గుర్తుపట్టాడు. వయసు 55. డైరీలో ఆనాటి తేదీ దగ్గర ఒక శిలువ గుర్తు ఉంది. ఇంట్లో లెక్క చూస్తే అంతా అప్పులు. చమురు కంపెనీలు చంపించాయనీ, జర్మన్ గూఢచారులు చంపారనీ నేటికీ రాసేవాళ్ళు ఉన్నారు. రుజువు ఒక్కటీ లేదు. అప్పుల్లో మునిగిన మనిషి చేసే పని మన పల్లెల్లో మనం చూసినదే. మరుసటేడు మొదటి ప్రపంచయుద్ధం. ఆయన ఇంజన్లే జలాంతర్గాముల్లో కూర్చుని ఓడలు ముంచాయి.

లారీకి డీజిలింజను పెట్టడం ఆయన చూడలేదు. 1923–24లో బెంజ్, మాన్ కంపెనీలు మొదటి డీజిలు లారీలు చేశాయి. 1927లో బాష్ కంపెనీ చమురు చిమ్మే చిన్న పంపుని వరసగా తయారుచేయసాగింది. కంప్రెషరు బరువు పోయింది. ఇంజను చిన్నదయింది. అప్పుడుగాని లారీకీ ట్రాక్టరుకీ మన చేలగట్టుకీ అది రాలేదు. చిన్నవాడి దగ్గరకి రానే వచ్చింది, ముప్పై ఏళ్ళు ఆలస్యంగా.

అయితే ఇంజను చిన్నదైనప్పుడే నూనెతో పేచీ వచ్చింది. కుర్రవాడికి మేము చెప్పిన తీర్పు ఇదే. పారిస్ ఇంజను మెల్లగా తిరిగే మొరటు యంత్రం, చమురుని గాలి బలంతో తోసేది. ఇప్పటి నాజిలు రంధ్రం వెంట్రుక అంత. వేరుశనగ నూనె డీజిలు కన్నా ఇంచుమించు పదింతలు చిక్కన. అది సన్నని తుంపరగా విడదు. విడని చుక్క పూర్తిగా కాలదు. కాలనిది నాజిలు కొనకీ రింగులకీ బొగ్గై పట్టుకుంటుంది, కిందికి జారి ఇంజనాయిలుని కూడా జిగురు చేస్తుంది. కాగిన నూనెలో ఇంకా నీరూ పులుపూ కూడా ఉంటాయి, అవి పంపుని తింటాయి. రాజ్‌కోట్ వైపు చేసే 650 తిరుగుళ్ళ బరువు ఇంజన్లు ఈ బాధ కొంత ఓర్చుకుంటాయి. అందుకే రెండు రోజులు ఆడింది.

దీనికి విరుగుడు 1937లోనే బెల్జియంలో శవాన్ అనే ఆయన కనిపెట్టాడు. నూనెని సారాయితోనూ కొంచెం రసాయనంతోనూ కలిపితే గ్లిజరిన్ విడిపోయి, పల్చని చమురు మిగులుతుంది. మరుసటేడు బ్రస్సెల్స్ నుంచి లూవెన్‌కి పామాయిలుతో అలా చేసిన చమురుపై బస్సు నడిపారు. ఇప్పుడు బయోడీజిలు అనేది అదే. కాకినాడ వైపు ఫ్యాక్టరీల్లో తయారవుతున్నదీ అదే. ఇంట్లో డబ్బాలో చేసే పని కాదు, ఆ రసాయనాలకి కళ్ళు పోతాయి, మంటలు లేస్తాయి.

లారీ డ్రైవర్లలో మరికొన్ని అలవాట్లు ఉన్నాయి. ట్యాంకులో స్కూటరు ఆయిలు ఒక మూత పోయడం, పాత ఇంజనాయిలు కలపడం, కిరసనాయిలు కలపడం. మొదటిదానికి ఒక కారణం ఉంది. పంపుకి జారుడు ఇచ్చేది చమురే. గంధకం తీసేసే శుద్ధిలో ఆ జారుడు తగ్గుతుంది. మనదేశంలో బీఎస్‌-3 డీజిల్లో గంధకం పది లక్షల పాళ్ళకి 350 దాకా ఉండేది, 2020 ఏప్రిల్ నుంచి 10 పాళ్ళే. కానీ ఆ లోటుకి రిఫైనరీలోనే మందు కలిపి పంపుతారు, డ్రైవరు మూత పోయనక్కర్లేదు. పాత ఇంజనాయిల్లో ఇనుపరజను, బూడిద ఉంటాయి. కొత్త లారీ పొగగొట్టంలోని జల్లెడ దానితో పూడిపోతుంది, ఆ జల్లెడ ఖరీదు డ్రైవరు జీతంలోంచే కోస్తారు. కిరసనాయిలు పల్చన, జారుడు లేదు, పంపుని అరగదీస్తుంది. అందుకే కల్తీ బంకు దగ్గర పోయించుకున్న బండి ఆర్నెల్లకే మెకానిక్కు చేతికి వస్తుంది. లాభం కల్తీవాడికి, నష్టం బండివాడికి.

ఇక నూనె గింజలతో బండ్లు నడిపే పథకాలు. 2009 జాతీయ విధానం 2017కల్లా నూటికి ఇరవై పాళ్ళు కలుపుతామంది. ఆ రోజుల్లో అడవి ఆముదం వేస్తే బంగారం పండుతుందని చెప్పి మెట్టరైతుల చేత మొక్కలు నాటించారు. నీరు లేని నేలలో కాయ రాలేదు, వచ్చినచోట కొనేవాడు రాలేదు. ఇరవై పాళ్ళు జరగలేదు. 2018 విధానం 2030కి ఐదు పాళ్ళు అంది. కానుగ గింజల కథ కాస్త మేలు. ఆదిలాబాద్ గిరిజన గూడెం పవర్‌గూడలో ఆడవాళ్ళు కానుగ నాటి, నూనె తీసి పేరు తెచ్చుకున్నారు. అది తినే నూనె కాదు, చేలో పంటతో పోటీ పడదు. వేరుశనగ అలా కాదు. మనదేశం తినే నూనెలో సగానికి పైగా బయటినుంచి కొనుక్కుంటోంది. అనంతపురం రైతు పండించిన గింజ లారీ ట్యాంకులోకి పోతే కూలివాడి పోపులోకి ఏం మిగులుతుంది?

మొక్కజొన్న ఎకరానికి కొన్ని బస్తాలు తగ్గింది. కుర్రవాడి చేత జరిమానా కట్టించాలన్నారు కొందరు. పదకొండు కుటుంబాలూ కూర్చుని వద్దనుకున్నారు, నూనె కలపడానికి అందరూ ఒప్పుకున్నవాళ్ళే గనక. రిపేరు ఖర్చు తలా ఇంత వేసుకున్నారు. నాజిలు ఎలా ఊడదీయాలో, ఫిల్టరు ఎన్ని గంటలకి మార్చాలో మెకానిక్కు దగ్గర నేర్చుకొమ్మని వాణ్ణే పంపారు. ఈ వేసవిలో ఇంజను వాడి చేతిలోనే ఉంది. డీజిలు బంకు నుంచి తెచ్చిన క్యానులో పాతబట్ట అడ్డం పెట్టి వడబోస్తున్నాడు.